అమ్మ మోకాళ్ళ నొప్పి, నా పంటి మాత్ర

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణి. మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నాకు జ్ఞానదంతం పీకినప్పుడు డెంటిస్టు హైడ్రోకోడోన్ మాత్రలు రాశారు. రెండు వేసుకున్నాను. మిగిలినవి సీసాలోనే ఉండిపోయాయి. పారెయ్యడానికి మనకి చేతులు రావు కదా! ఆర్నెల్ల తర్వాత అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఒక రాత్రి మోకాళ్ళ నొప్పితో అల్లాడుతుంటే అందులో ఒకటి ఇచ్చాను. అమ్మ రోజూ నిద్రకి ఆల్ప్రాజోలం వేసుకుంటుందని నాకు తెలియదు. ఈ రెండు రకాలూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చని 2016లోనే ఎఫ్‌డీఏ మందుల మీద హెచ్చరిక వేయించింది. తెల్లవారుజామున ఎంత పిలిచినా అమ్మ సరిగ్గా పలకలేదు. 911కి ఫోన్ చేశాం. దేవుడి దయవల్ల గట్టెక్కింది.

ఆస్పత్రి కాగితాల్లో "మిస్‌యూజ్" అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. మేమేమైనా మత్తుమందులు వాడేవాళ్ళమా? తర్వాత చదివితే తెలిసింది, వాళ్ళు రాసింది తప్పు కాదని. అమెరికా ప్రభుత్వం ఏటా చేసే మందుల వాడకం సర్వేలో 2015 నుంచీ మిస్‌యూజ్ అంటే డాక్టరు చెప్పినట్టు కాకుండా ఎలా వాడినా సరే. మన పేరు మీద రాయని మందు వేసుకోవడం, చెప్పినదానికన్నా ఎక్కువో, ఎక్కువసార్లో, ఎక్కువ రోజులో వాడటం, అన్నీ ఇందులోకే వస్తాయి. మంచి ఉద్దేశంతో ఇచ్చామన్నది లెక్కలోకి రాదు. ఎఫ్‌డీఏ మాత్రం ఉద్దేశాన్ని చూస్తుంది. నొప్పి తగ్గాలని తప్పుగా వాడితే మిస్‌యూజ్. మత్తు కోసం, ఒక్కసారి వాడినా, అబ్యూజ్.

వ్యసనం వేరే సంగతి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలో పాత పేర్లు తీసేసి 11 లక్షణాలు పెట్టింది. ఏడాదిలో రెండు కనిపిస్తే జబ్బు కింద లెక్క. కానీ డాక్టరు రాసిన మందును చెప్పినట్టే వాడేవాళ్ళకి, ఒంటికి అలవాటై మోతాదు చాలకపోవడం, మానితే వణుకు రావడం ఈ లెక్కలోకి రావు.

ఇది మన పెద్దవాళ్ళ విషయంలో చాలా ముఖ్యం. భయపడిపోయి నేను అమ్మ ఆల్ప్రాజోలం చెత్తబుట్టలో వెయ్యబోయాను. డాక్టరు గట్టిగా ఆపారు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్నది ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చట. కొద్దికొద్దిగా, ఆయన చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకుంటూ వస్తోంది.

మిగిలిపోయిన మాత్రల్ని ఏప్రిల్, అక్టోబరు నెలల్లో డీఈఏ పెట్టే శిబిరాల్లో పేరు అడక్కుండా తీసుకుంటారు. చాలా ఫార్మసీల్లో డబ్బాలు కూడా ఉంటాయి. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పచ్చళ్ళ సీసాలతోపాటు మందుల సంచీ కూడా విప్పించి, పేర్లన్నీ కాగితం మీద రాయించండి. మాత్రల విషయంలో అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. మనిషి పలకకపోతే మాత్రం నేరుగా 911.