గంజాయి తోటలపై ఉపగ్రహపు చూపు

కార్తీకమాసంలో అరకులోయ కొండలెక్కి చూచినవారికి వలిసె పూల పసుపు, కాఫీ తోటల చిక్కని పచ్చదనం, పండిన చోడి చేల గోధుమవన్నె వేరువేరుగా కనబడతవి. ఉపగ్రహం కూడ ఇట్టి భేదాలనే చూస్తుంది. పైగా మన కంటికి కానరాని వెలుగులో కూడ చూడగలదు. మన్యంలో చాటుగా పెంచే గంజాయిని కనిపెట్టడానికి ఈ శక్తియే ఆధారం.

ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకొంటుంది. పరారుణ కాంతిని మాత్రం ఆకు చాలవరకు తిప్పి పంపుతుంది. ఒక చేను పరారుణ కాంతిలో నూటికి 50 పాళ్లు, ఎరుపులో 8 పాళ్లు పరావర్తనం చేసినదనుకొందాం. వాటి భేదమైన 42ను మొత్తమైన 58చే భాగిస్తే సుమారు 0.72 వస్తుంది. వట్టి నేలకు ఆ పాళ్లు 30, 20 అయితే ఫలితం 0.2 మాత్రమే. దీనిని వృక్షసూచి అందాం.

ఈ సూచి పచ్చని పైరు ఉన్నదని చెబుతుందే గాని, అది ఏ పైరో చెప్పదు. అందుకు వరుస చిత్రాలు కావలెను. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకొకసారి ఒకే చోటిని చూడగలదు. ఆ చిత్రంలో ఒక్కొక్క చుక్క 10 మీటర్ల చదరం; ఎకరానికి సుమారు 40 చుక్కలు. సూచి ఎప్పుడు పెరిగినదో, ఎప్పుడు తగ్గినదో చూచి ఆ ప్రాంతపు పైరుల కాలంతో పోల్చుతారు. మబ్బులు అడ్డు వచ్చినప్పుడు రాడారు ఉపగ్రహాలు తోడ్పడతవి. 2022 ఫిబ్రవరి 14న మన దేశం పంపిన ఇ.ఓ.ఎస్.-04 అట్టిది.

అయితే ఒక్క రాష్ట్రాన్ని చూస్తే చాలదు. దక్షిణ అమెరికాలో 1990ల కాలంలో పెరూ, బొలీవియాలలో కోకా సాగు తగ్గగా, పొరుగున కొలంబియాలో పెరిగినది. 2023లో ఐక్యరాజ్యసమితి అక్కడ 2,53,000 హెక్టార్ల కోకాను లెక్కించినది. తూర్పు కనుమలు కూడ ఆంధ్రప్రదేశ్‌తో ఆగక కోరాపుట్, మల్కనగిరి వైపు సాగిపోతవి. 2021 చివర మొదలైన ‘పరివర్తన’ కార్యక్రమంలో అప్పటి విశాఖ మన్యంలో 7 వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికినట్లు పోలీసులు ప్రకటించారు. ఆ వెలితిని సరిహద్దు కావలి తోటలు పూరించకుండ ఉండవలెనంటే రెండు వైపుల చిత్రాలను కలిపి చూడవలెను.

1985 నాటి చట్టం ప్రకారం గంజాయి సాగుకు పదేళ్ల వరకు కఠిన శిక్ష పడవచ్చును. రాజ్మా చేనును గంజాయి అని పొరబడితే నష్టపోయేది ఒక గిరిజన కుటుంబం. కనుక అనుమానపు చుక్కలపై డ్రోను ఎగురవేసి, పిమ్మట మనుషులు నడచి వెళ్లి మొక్కను కంటితో చూచి తేల్చవలెను.

సెంటినెల్ చిత్రాలు ఉచితంగా లభిస్తవి. విద్యార్థులు తమ ఊరి చేలను నెలనెలా చూచి సూచిని లెక్కించి, ఆ చేలకే నడచి వెళ్లి సరిచూచుకొంటే ఈ పద్ధతి బలమూ, దాని హద్దూ రెండూ తెలియగలవు.