ఆ పెట్టె కూస్తే... దిగొద్దు!

2015 నవంబరు 26. కేరళలోని కోజికోడ్. మ్యాన్‌హోల్‌లో ఇద్దరు కూలీలు చిక్కుకున్నారు. ఆ దారిన వెళుతున్న ఆటోడ్రైవర్ నౌషాద్ విషయం తెలిసి వాళ్లను కాపాడదామని లోపలికి దిగాడు. ముగ్గురూ ప్రాణాలతో బయటకు రాలేదు. ఆ కూలీలిద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్లినవాళ్లే!

ఒకరు పడిపోవడం, కాపాడబోయి మరొకరు... సెప్టిక్‌ట్యాంకులు, మురుగు కాల్వలు, పాత బావుల దగ్గర ఎన్నోసార్లు విన్న విషాదమే ఇది. లోపల ఏముందో ముందే తెలిస్తే ఎవరూ దిగరు కదా! అది చెప్పేదే అరచేతిలో ఇమిడే గ్యాస్ డిటెక్టర్.

పల్లెల్లో పాత బావి పూడిక తీసేముందు లాంతరు దించి చూసేవారు పెద్దలు. దీపం ఆరిపోతే దిగేవారు కాదు. తెలివైన పద్ధతే. కానీ దీపానికి విషవాయువు సంగతి తెలియదు. లోపల మీథేన్ పోగై ఉంటే ఆ మంటే పేలుడుకు కారణమవుతుంది.

మరి ముక్కు? అదీ మోసం చేస్తుంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన కోడిగుడ్ల వాసన. పది లక్షల పాళ్ల గాలిలో ఒక్క పాలు ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. అదే వంద పాళ్లకు చేరితే వాసన తెలిసే శక్తే కాసేపట్లో పోతుంది. ‘వాసన తగ్గింది, ఇక ఫర్వాలేదు’ అనుకుని దిగేది అప్పుడే! ఇంకా కొన్ని వందలు పెరిగితే ఒకటి రెండు శ్వాసల్లోనే కుప్పకూలిపోవచ్చు.

ఇలాంటి చోట్ల ఎక్కువగా వాడేది నాలుగు వాయువులను కొలిచే డిటెక్టర్. మంచి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. అది 19.5కి తగ్గితే మామూలుగా ఈ పెట్టె కూత పెడుతుంది, ఎర్రలైటు వెలుగుతుంది, జేబులో ఉంటే వణుకుతుంది కూడా. హైడ్రోజన్ సల్ఫైడ్, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు... మిగతా మూడు ఇవి. క్లోరిన్‌, అమోనియాలకు మాత్రం వేరే సెన్సర్లు కావాలి.

వాడటం కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. ముందు ఆరుబయట మంచి గాలిలో ఆన్ చేయాలి. తెలిసిన మోతాదు గ్యాస్‌ను కాస్త చూపించి, కూస్తోందో లేదో పరీక్షించాలి. దీన్నే బంప్ టెస్ట్ అంటారు. నిజానికి చాలామంది వదిలేసేది ఇదే. సెన్సర్లు రెండు మూడేళ్లకు నీరసిస్తాయి, అంకెలు మాత్రం తెరమీద దర్జాగా కనిపిస్తూనే ఉంటాయి! తర్వాత తాడుతోనో గొట్టంతోనో పైన, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. మీథేన్ గాలికన్నా తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు. ప్రతిచోటా అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. అన్నీ బాగున్నాయని పైనే వదిలేయకూడదు. బురద కదిపితే అప్పటిదాకా అడుగున దాగిన వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. అందుకే దిగే మనిషి ఛాతీ దగ్గర అది తగిలించే ఉండాలి.

ఇది కంపెనీల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్‌ట్యాంకు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. పని పెట్టింది ఇంటి యజమాని అయినా సరే, మొదటిసారికే రెండేళ్ల వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా పడొచ్చు. ఈసారి ట్యాంకరు పిలిచినప్పుడు పైపుతోనే తోడమనండి. మనిషి దిగాల్సిందే అంటే, డిటెక్టర్ ఏదని అడగండి.

పొరపాటున ఎవరైనా లోపల పడిపోతే మీరు మాత్రం దిగకండి. వెంటనే 101కి ఫోన్ చేయండి. దిగిన మనిషి ఒంటికి ముందే హార్నెస్, తాడు కట్టి ఉంటే పైనున్నవాళ్లు గట్టున నిలబడే లాగేయొచ్చు.