లాటిన్ జాజ్ కచేరీలో ఫ్లూట్: డేవ్ వాలెంటిన్ వాదనరీతి

వేణువు అనగానే మృదుత్వం స్ఫురిస్తుంది. లాటిన్ జాజ్ వేదికపై పరిస్థితి వేరు. అక్కడ ఫ్లూట్ వాద్యకారుని చుట్టూ పియానో, బాస్‌తోపాటు కాంగా, టింబాలే వంటి బిగ్గరగా మోగే తాళవాద్యాలుంటాయి. వాటి నడుమ ఫ్లూట్ నిలదొక్కుకున్న తీరును అర్థం చేసుకోవాలంటే క్యూబా నృత్యసంగీతాన్ని పరిశీలించాలి.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో అక్కడ ‘చరంగా’ అనే వాద్యబృందం రూపుదిద్దుకుంది. వయొలిన్లు, పియానో, బాస్, టింబాలే, గాట్లు పెట్టిన బుర్రను పుల్లతో గీకి మోగించే ‘గ్విరో’ ఇందులోని వాద్యాలు. వీటన్నిటిపై తేలేది అయిదు మీటల కొయ్య ఫ్లూట్. నృత్యశాల రొదలో వినిపించడానికి వాద్యకారులు పైస్థాయిని ఆశ్రయించారు. దీనికి భౌతిక కారణముంది. నేటి ఫ్లూట్‌లో అట్టడుగు స్వరం సుమారు 262 హెర్ట్జ్; అక్కడ ఎంత బలంగా ఊదినా నాదం అంతగా పెరగదు. మూడో స్థాయి సుమారు 1047 హెర్ట్జ్ వద్ద మొదలై 2093 దాకా సాగుతుంది. మనిషి చెవి అత్యంత సున్నితంగా గ్రహించేది 2000-5000 హెర్ట్జ్ ప్రాంతాన్ని. 1939లో సియెన్‌ఫ్యూగోస్‌లో ఏర్పడిన ఒర్కెస్తా అరగాన్ బృందపు వాద్యకారుడు రిచర్డ్ ఎగ్వేస్ ఈ పైస్థాయి వాదనకు మేటి ఉదాహరణ.

అయితే వినిపించడం ఒక్కటే చాలదు, లయలో ఇమడాలి. రెండు గణాలలో అసమానంగా పరచుకున్న అయిదు దెబ్బల ‘క్లావే’ ఈ సంగీతానికి వెన్నెముక. ఒక గణంలో మూడు, మరొక దానిలో రెండు. పియానో ఒకే పదబంధాన్ని ఆవర్తనంగా వాయించే ‘మోంతునో’ భాగంలో ఫ్లూట్ మనోధర్మం విస్తరిస్తుంది. కర్ణాటక శ్రోతకు కల్పనస్వరం గుర్తుకు రావచ్చు. కాని ఇక్కడ చేతితో వేసే తాళం లేదు. క్లావేను ఏ వాద్యమూ విడిగా మోగించకపోయినా వాద్యకారుని మనసులో అది నడుస్తూనే ఉండాలి. దానికి ఎదురు వెళ్లిన పదబంధం, స్వరాలు సరిగానే పడినా, జారినట్లే వినిపిస్తుంది.

డేవ్ వాలెంటిన్ (1952-2017) ప్రత్యేకత ఇక్కడే ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ప్యూర్టోరికన్ కుటుంబంలో పుట్టిన ఆయన మొదట తాళవాద్యాలు వాయించి, తరువాత ఫ్లూట్‌కు వచ్చారు. హ్యూబర్ట్ లాస్ వద్ద శిక్షణ పొందారు. ఊదుతూనే గొంతు కలపడం, ఊపిరిని తునకలు చేసి దెబ్బలుగా వాడటం ఆయన వాదనలో కనిపిస్తాయి. మైకు అందుబాటులోకి వచ్చాక పైస్థాయి నిర్బంధం తొలగింది. ఒకప్పుడు వినిపించక వదిలేసిన మంద్రస్వరాలూ, శ్వాస శబ్దమూ కచేరీ సామగ్రి అయ్యాయి. చరంగా పద్ధతిని ఆయన విడిచిపెట్టారనడం మాత్రం సరికాదు. ఫ్లూట్‌ను లయవాద్యంగా చూసే దృష్టి అక్కడిదే. న్యూయార్క్ బ్లూ నోట్ క్లబ్బులో 1988లో చేసిన ప్రత్యక్ష కచేరీ ధ్వనిముద్రణ ఆల్బంగా లభ్యమవుతోంది.