లోతుదుక్కి - నేలల భేదములు

ధూల్‌పేటలో చదువు మన బాలురకు నాగలితో పని యేమి యని కొందఱు తలపవచ్చును. ఇచ్చటి వీథులలో గాలిపటములును వినాయక విగ్రహములును తయారగును గాని పైరులు పండవు. అయినను పల్లెలనుండి వచ్చి చదువుకొను విద్యార్థులు మనలో కలరు. వేసవి సెలవులకు ముందు అట్టి బాలుడొకడు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా నాయన చిజెల్ నాగలితో పొలమంతయు దున్నింపదలచినాడు. ట్రాక్టరు బాడుగకు అప్పు చేయవలసియున్నది. దున్నింపవచ్చునా?" అని యడిగెను. వానికి చెప్పిన సమాధానమునే యిచ్చట వ్రాయుచున్నాము.

ఎడ్లు లాగు నాగలి నేలను సుమారు 4 మొదలు 6 అంగుళముల లోతువఱకే దున్నును. ఏటేట అదే లోతున దున్నుటచేతను, ట్రాక్టరుల బరువుచేతను ఆ క్రింద గట్టిపొర యేర్పడును. వాననీరు దానిని దాటి సులభముగా నింకజాలదు. వేళ్లు దానిని తాకి ప్రక్కకు తిరుగును. కావున కొలదిదినములు వాన లేకున్న పైరు వాడును. పెద్దవాన కురిసెనేని పైమన్ను కొట్టుకొనిపోవును.

చిజెల్ నాగలికి ఉలివంటి సన్నని యినుపకర్రులుండును. అది 12 మొదలు 18 అంగుళముల లోతున గట్టిపొరను పగులగొట్టునే గాని, మన్నును తిరుగవేయదు. పైరు మోళ్లు చాలవఱకు నేలపైననే నిలిచి గాలినుండి మంటిని కాపాడును. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికా మైదానములందు దుమ్ము తుపానులు చెలరేగినప్పుడు, ఓక్లహోమా రైతగు ఫ్రెడ్ హోమీ యిట్టి నాగలిని నిర్మించెను. హిందూస్తానీలో 'ధూల్' అనగా ధూళియే గదా! ధూళిగా ఎగిరిపోవు మంటిని నిలుపుటకు పుట్టిన పనిముట్టు మనకు అపరిచితముగా నుండరాదు.

అయితే యన్ని నేలలకును ఒకే మందు పనికిరాదు. తెలంగాణమున నల్లరాతినుండి పుట్టిన రేగడియు, గ్రానైటు జాతి రాళ్లనుండి పుట్టిన ఎఱ్ఱని చల్కయు ముఖ్యములు. చల్క ఎండినయెడల బిగిసి గట్టిపడును. లోతుదుక్కివలన మేలు పొందునది ముఖ్యముగా నిదియే. కాని వానలకు అది మరల అణగిపోవును. అందుచే రెండు మూడేండ్లకొకసారి దున్నుటయు, పశువుల పెంట వేయుటయు అవసరము.

రేగడి సంగతి వేఱు. తడిసిన నుబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. మన పొరుగున విగ్రహములకై తెచ్చిన బంకమట్టి యెండి పగులుట మీరు చూచియే యుందురు. తాండూరు ప్రాంతపు కందిచేలలో వేసవియందు లోతైన నెఱ్ఱెలు కనబడును. అనగా నేల తన్ను తానే దున్నుకొనును. దానికి లోతుదుక్కి యవసరము తక్కువ. తడిగా నున్నప్పుడు దున్నిన మరియు చెఱుపు. మేమొకప్పుడు వాన వెలిసిన మఱునాడే మా రేగడిచెలకను దున్నించితిమి. కర్రు నేలను పగులగొట్టక, వెన్నను కోసినట్లు కోసి, చాలు గోడలను నున్నగా మెత్తెను. బాడుగ వ్యర్థమయ్యెను. ఇసుకపాలు హెచ్చుగానున్న దుబ్బనేలలో గట్టిపొర లేనిచో చెఱువుమట్టియు పెంటయు తోలుటయే మేలు. అడుగుననే బండ యున్నచోట ఈ నాగలి దింపనేరాదు.

కావున బాలునితో, "ముందుగా అడుగున్నర లోతు గుంతలు త్రవ్వి, వేళ్ల పోకడ చూడుము. కత్తిమొనతో గోడను పైనుండి క్రిందికి గ్రుచ్చి, యెచ్చట గట్టిగా నున్నదో గుర్తింపుము" అంటిమి. సెలవుల తరువాత వాడు వచ్చి చెప్పినదేమనగా: మీదిచల్కలో ఆఱంగుళములవద్ద వేళ్లు అడ్డముగా తిరిగియున్నవి, దిగువ రేగడిలో నిలువుగా దిగియున్నవి. తండ్రి చల్కను మాత్రమే, నేల పొడిగానున్నప్పుడు, వాలునకు అడ్డముగా దున్నించెను. చేయదలచిన యప్పులో సగము తప్పెను.

పంట యెట్లుండునో వానలు చెప్పవలెను. కాని నాగలి పిలుచుటకు ముందు పార పట్టవలెనని యా బాలుడు నేర్చెను. తల్లిదండ్రులారా, మీ పిల్లలచేత నొక గుంత త్రవ్వించి చూడుడు. దానికి ఖర్చు చెమట మాత్రమే.