ఊపిరాడుతుండగానే తెలివి తప్పుతుంది

విమానంలో గాలి పీడనం పడిపోతే ఊపిరాడక ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుందనీ, శిక్షణ పొందిన పైలట్లకైతే ఇంకా ముందే తెలుస్తుందనీ చాలామంది నమ్మకం. పైన ఆక్సిజన్ ఉండదన్న అపోహ దానికి తోడు. నిజానికి 35 వేల అడుగుల ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ వాటా నేల మీదిలాగే 21 శాతం. తగ్గేది పీడనం, అదీ దాదాపు నాలుగో వంతుకు. దాంతో ఆక్సిజన్ రక్తంలోకి చేరే ఒత్తిడి చాలదు. కానీ మనకు ఉక్కిరిబిక్కిరిగా అనిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకున్నప్పుడు. పలుచని గాలిలో అది మామూలుగానే బయటికి పోతుంది కాబట్టి బాధ తెలియదు. కొందరికి హుషారుగా కూడా ఉంటుంది! ఆ ఎత్తులో తెలివిగా పనిచేయగల వ్యవధి అర నిమిషం నుంచి నిమిషం.

అందుకే ఇంజిన్ నుంచి తీసిన వేడి గాలిని చల్లబరిచి లోపలికి పంపుతూ, వెనకవైపు కవాటం ద్వారా వదులుతూ క్యాబిన్ పీడనాన్ని 8 వేల అడుగుల ఎత్తున్న కొండమీద ఉండే స్థాయికి తగ్గకుండా చూస్తారు. క్యాబిన్ పీడనం 10 వేల అడుగుల ఎత్తున ఉండే స్థాయి కన్నా తగ్గితే కాక్‌పిట్‌లో హారన్ మోగుతుంది. యంత్రం చెప్పింది కదా, ఇక భయమెందుకు అనవచ్చు. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్ బయలుదేరిన హీలియోస్ 522 విమానంలో హారన్ మోగింది. నేల మీద చేసిన తనిఖీ తర్వాత క్యాబిన్ పీడన స్విచ్ ఆటోకు బదులు మాన్యువల్‌లో ఉండిపోయింది, పైలట్లు గమనించలేదు. టేకాఫ్ అమరిక సరిగా లేకపోయినా నేల మీద మోగేది అదే హారన్ కావడంతో పైలట్లు ఆ హెచ్చరికే అనుకున్నారు. గాల్లో దానికి ఒకటే అర్థం. కానీ ఆ అర్థాన్ని గుర్తుచేసుకోవాల్సిన మెదడే అప్పటికి మందగిస్తోంది. కిందున్న ఇంజనీరుతో మాట్లాడుతూనే స్పృహ తప్పారు. ఆటోపైలట్ మీద 34 వేల అడుగులకు చేరిన విమానం ఇంధనం అయిపోయి కూలింది. అందులోని 121 మందీ చనిపోయారు.

మరి ప్రయాణికుల మాస్కులు? అవీ పడ్డాయి. అయితే వాటిలో ఆక్సిజన్ వచ్చేది సుమారు 12 నిమిషాలే. పైలట్ విమానాన్ని 10 వేల అడుగులకు దించేదాకా అది చాలన్నది లెక్క; దించేవారే స్పృహలో లేకపోతే ఆ లెక్క తప్పుతుంది. పైగా క్యాబిన్‌లో మాస్కులు పడితే కాక్‌పిట్‌లో పైలట్ల ముఖాలకు ఏవీ రావు. వాళ్ల మాస్కులు వేరు, ఒంటి చేత్తో 5 సెకన్లలో తగిలించుకునేవి. హారన్ మోగితే కారణం వెతకడానికి ముందే అవి పెట్టుకోవాలన్నది నియమం. ప్రమాదం తర్వాత 737 విమానాల్లో పీడనం, టేకాఫ్ అమరిక హెచ్చరికలకు వేర్వేరు దీపాలు పెట్టించారు.