చిన్న పప్పు వ్యాపారులకు సంఘం దన్ను

వెలిగండ్ల: కొత్త కంది మార్కెట్టుకు వచ్చే రోజులలో రొక్కం ఉన్నవారే సరుకు నిల్వ చేసుకోగలరు. పప్పు ఆడించి అమ్ముకొనే చిన్నవారు తరువాత అరువుకు కొనవలసి వస్తే, ధరలో తేడా వారి లాభాన్ని మింగేస్తుంది.

సంఘం అక్కరకు వచ్చేది ఇక్కడే. కేంద్రం 2020లో ప్రారంభించిన సూక్ష్మ ఆహార సంస్థల పథకంలో స్వయం సహాయక సంఘ సభ్యులకు తలా రూ. 40,000 వరకు మూలధనం నిర్ణయించారు. ఇది సరుకు పెట్టుబడికి, చిన్న పనిముట్లకు ఉద్దేశించినది. సొమ్మును సమాఖ్య ద్వారా సభ్యులకు అప్పుగా ఇచ్చే ఏర్పాటు చేశారు. వసూలైన మొత్తం మరొకరికి అక్కరకు వస్తుంది.

పదిమంది సరుకు ఒకే గ్రేడుగా, ఒకే లాటుగా వస్తే వర్తకులకూ సౌకర్యమే. అయితే తేమ, పొట్టు, తూకాలలో ఒకరి లోపం అందరి ధరనూ దించుతుంది. కనుక లాటు ఖాయపరిచే ముందు ప్రతి బస్తా నుంచి నమూనా తీయడం ఉభయులకూ మేలు.