అట్ట మీద పేరంటే సాక్షి సంతకం

ప్రాజెక్టు రిపోర్టు విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు వరద మీద. వెలగలేరు రెగ్యులేటర్ మొదలు కృష్ణలో కలిసేదాకా మళ్లింపు కాలువ లెక్కలు తేలుస్తామని మొదటి పేజీలో రాశారు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి బుడమేరు పక్కన బ్యాక్‌వాటర్లు ప్రత్యక్షమయ్యాయి. ఒడ్డున కొబ్బరి తోటలు, నీళ్ల మీద హౌస్‌బోట్లు! మాది ఆ పక్కనే ఉన్న జి.కొండూరు. మాకు మామిడి తోటలున్నాయి, పత్తి చేలున్నాయి, కొండలున్నాయి. హౌస్‌బోట్ చూడాలంటే మాత్రం కేరళ రైలెక్కాలి.

వైవాలో అడిగాను. "ఏమ్మా, వెలగలేరు ఎప్పుడైనా వెళ్లావా?"

"లేదు మేడం. డేటా అంతా ఆన్‌లైన్‌లో దొరికింది."

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతాను. ఏటా ఎండలు ముదిరే వేళకి ఇలాంటి రిపోర్టులు నా బల్ల మీద గుట్ట పడతాయి. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల ఎప్పుడూ చూడని ఏదో కాలేజీ ప్రిన్సిపాల్‌కి కృతజ్ఞతలు. థాంక్స్ చెప్పే పేజీ కూడా దించేస్తారన్నమాట. స్టాఫ్ రూంలో నవ్వుకుంటాం. కానీ బుడమేరు విషయంలో నాకు నవ్వు రాలేదు. 2024 సెప్టెంబరులో ఆ మళ్లింపు కాలువ గట్టుకు మా మండలంలోని కవులూరు దగ్గరే గండ్లు పడ్డాయి. ఆ నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ని రోజుల తరబడి ముంచాయి. ఆ కాలువ ఎంత నీరు మోస్తుంది, ఎక్కడ పూడింది, గట్టు ఎక్కడ పలచబడింది అన్న ప్రశ్నలు మా పిల్లలకు సిలబస్ కావు, సొంత ఊరి గొడవ. ఎక్కడిదో వానలెక్క తెచ్చి బుడమేరు పేరు పెడితే, రేపు ఆ అంకె నమ్మి ఎవరైనా తూము కట్టరని గ్యారంటీ ఏముంది?

గ్రంథచౌర్యం ఎందుకు తప్పు అంటే చాలామంది "పక్కవాడి సొమ్ము కాజేయడం" అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత ఉండనే ఉంది. నిజమే గానీ నా దృష్టిలో అది సగమే. పొలం దస్తావేజు మీద సాక్షి సంతకం పెట్టేవాడు "ఇది నా ఎదుట జరిగింది" అని చెబుతున్నాడు. ప్రాజెక్టు రిపోర్టు అట్ట మీద పేరూ అలాంటిదే. లోపల డిక్లరేషన్ పేజీ ఉంటుంది కదా, "ఈ పని మేమే చేశాం, మరే డిగ్రీకీ సమర్పించలేదు" అని. బ్యాచ్‌లో నలుగురూ కింద సంతకాలు చేస్తారు. కాలువ గట్టు ఎక్కకుండా కొలిచామని రాస్తే అది దొంగ సాక్ష్యం. అసలు రచయిత ఎవరో తెలియకపోయినా, ఆయనకేం నష్టం లేకపోయినా, దొంగ సాక్ష్యం దొంగ సాక్ష్యమే.

ఇది అర్థం కానందువల్లే మా పిల్లలు నన్నడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎంత పర్సంటేజీ వరకు ఓకే మేడం?"

ఈ శాతాల గోల 2018 నుంచి ఊపందుకుంది. ఆ ఏడాది యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే 6 నెలలు మించకుండా సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకైతే ఏడాదిపాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దు. అధ్యాపకులకు వేరే శిక్షలున్నాయి: పేపరు వెనక్కి తీసుకోవాలి, తీవ్రతను బట్టి ఇంక్రిమెంట్లు పోతాయి, కొన్నేళ్లు పరిశోధనకు గైడుగా ఉండకూడదు. పేరు చెప్పి ఉటంకించిన భాగాలు, రిఫరెన్సుల జాబితా, చట్టాలు, సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలు వరసగా 14 పదాల వరకు కలిసినా పట్టించుకోరు.

అయితే చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఈ నిబంధనలు పీజీ, పరిశోధన స్థాయి సిద్ధాంత గ్రంథాలకూ, అచ్చయ్యే పేపర్లకూ వర్తిస్తాయి. అసైన్‌మెంట్లను, ప్రాజెక్టు రిపోర్టులను, జవాబు పత్రాలను వీటి నుంచి మినహాయించారు. అంటే బీటెక్ ప్రాజెక్టు మంచిచెడ్డలు పూర్తిగా కాలేజీ చేతిలోనే ఉన్నాయి. చట్టం వచ్చి పట్టుకునేలోపే, 20 ఏళ్ల వయసులోనే, దించడం అలవాటైపోతుంది.

శాతం కొలిచేది సాఫ్ట్‌వేర్. 2019లో యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ 'శోధ్‌శుద్ధి' పేరుతో విశ్వవిద్యాలయాలకు ఆ సౌకర్యం అందించడం మొదలుపెట్టింది. అది మాటల వరసలు పోల్చి చూస్తుంది. అంతవరకే దాని తెలివి. వేరేవాళ్ల ఆలోచన మొత్తం ఎత్తుకొచ్చి మాటలు మారిస్తే పట్టుకోలేకపోవచ్చు. నిజాయితీగా రాసిన రిపోర్టులో కోడ్ పుస్తకం వాక్యాలు నాలుగుంటే ఎర్రగీతలు గీస్తుంది. దొంగతనం జరిగిందో లేదో తేల్చాల్సింది చదివే మనిషే.

సాఫ్ట్‌వేర్‌ని బురిడీ కొట్టించే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. పేరా పెడితే పర్యాయపదాలు గుప్పించి తిరగరాస్తాయి. 2021లో ఫ్రాన్సుకు చెందిన గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలాంటి పేపర్లను గుట్టలుగా బయటపెట్టారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అయి కూర్చుంది! కంప్యూటర్ ప్రోగ్రాములు దించేవాళ్లు వేరియబుల్ పేర్లు మార్చి తప్పించుకుందామనుకుంటారు. దానికి 1994 నుంచే 'మాస్' అనే పరికరం ఉంది. పేర్లు వదిలేసి ప్రోగ్రాము నిర్మాణాన్నే పోలుస్తుంది. మన పిల్లలు ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లి మొదటి సెమిస్టరులో దెబ్బతినేది ఇలాంటి చోటే. ఇక్కడ "ఫ్రెండ్ దగ్గర చూశాను" అంటే తిట్టి వదిలేస్తారు. అక్కడ సస్పెండ్ చేస్తే చదువుతోపాటు వీసా కూడా ఎగిరిపోతుంది.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక దించడానికి అసలు పుస్తకమే అక్కర్లేకుండా పోయింది. పోలిక శాతం కూడా తక్కువే వస్తుంది. కానీ అది ఒక్కోసారి లేని పేపర్లకు ఉన్నట్టుగా రచయితల పేర్లు, ఏడాది, పేజీ నంబర్లు కల్పించి ఇస్తుంది. వాటిని చదివానని సంతకం పెడితే మళ్లీ అదే దొంగ సాక్ష్యం.

ఇక డబ్బిచ్చి కొనడం. హైదరాబాద్ అమీర్‌పేట సందుల్లో ప్రాజెక్టు అమ్మే దుకాణాలు ఇంజనీరింగ్ చదివిన వాళ్లందరికీ తెలుసు. కోడు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులతో సహా ప్యాకేజీ. "దొంగిలించలేదు కదా మేడం, కొనుక్కున్నాం" అంటారు. వాళ్లకు నేను ముక్కు తిమ్మన కథ చెబుతాను. నంది తిమ్మన ఆడవారి ముక్కు మీద చెప్పిన పద్యాన్ని రామరాజభూషణుడు డబ్బిచ్చి కొని తన వసుచరిత్రలో పెట్టుకున్నాడని పెద్దలు చెప్పుకునే కథ. నిజమెంతో గానీ ఫలితం చూడండి. పద్యం వసుచరిత్రలో ఉంది, ముక్కు మాత్రం తిమ్మన పేరులోనే ఉండిపోయింది. కొన్నంత మాత్రాన చేసినవాడివి కాలేవు.

బయటపడితే కూలేది ఒక్కడి పేరు కాదు. 2008లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు 70కి పైగా పరిశోధన పత్రాల్లో దించడమో, ఫలితాలు కల్పించడమో చేశారన్న వార్త విదేశీ పత్రికలకెక్కింది. అప్పుడు అదే చోట ఒళ్లొంచి పనిచేసిన వాళ్ల పేపర్లనూ బయటివాళ్లు అనుమానంగా చూడరా? 2011లో జర్మనీ రక్షణ మంత్రి గుటెన్‌బెర్గ్ డాక్టరేటు పట్టా ఇదే తప్పుకు రద్దయింది, పదవీ పోయింది. ఎప్పుడో పెట్టిన సంతకం ఏళ్ల తర్వాత వచ్చి తలుపు తట్టడమంటే అదే.

పిల్లలందరూ బద్ధకంతో దించుతారని నేననను. పదో తరగతి దాకా గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే పూర్తి మార్కులు. ఇంటర్‌లో మెటీరియల్ బట్టీ. ల్యాబ్ రికార్డంటే సీనియర్ల రికార్డు చూసి నీటుగా ఎక్కించడం. పదిహేనేళ్లు దించినందుకు శభాష్ అన్నాం, పదహారో ఏట దాన్నే దొంగతనం అంటున్నాం. ఎవరూ మధ్యలో తేడా చెప్పలేదు. దీనికి తోడు ఇంగ్లీషు భయం. గట్టు ఎందుకు తెగిందని తెలుగులో అడిగితే మా ఊళ్ల పిల్లలు గలగలా చెబుతారు: నీళ్లు గట్టు మీద నుంచి పొర్లుతాయి, అవతలి వాలు మట్టి కోసుకుపోతుంది, కోత పెరిగి గండి పడుతుంది. అదే ఇంగ్లీషులో రాయమంటే చేతులాడవు. అప్పుడు వేరేవాళ్ల నున్నని వాక్యం కనపడితే ఆగలేరు. అందుకే మొదటి డ్రాఫ్టు తప్పుల ఇంగ్లీషులోనే రాయమంటాను. సొంత తప్పుల్ని దిద్దొచ్చు, అరువు వాక్యాన్ని ఏం దిద్దుతాం?

ఇతరుల రాత వాడుకోవడం తప్పు కాదు. వాడుకోకుండా చదువే లేదు. మన పాత కవులు కావ్యం మొదలుపెడుతూ పూర్వకవి స్తుతి చేసేవారు. ఎవరి దారిలో నడుస్తున్నారో ముందే చెప్పి, ఆ తర్వాత తమ కవిత్వం మొదలుపెట్టారు. రిఫరెన్స్ ఇవ్వడమంటే అంతే. చదివిన పేరా మూసేసి, పక్కవాడికి తెలుగులో చెప్పి, అప్పుడు రాయండి. ఎక్కడ చదివారో అప్పుడే నోట్సులో రాసుకోండి. మాటలు యథాతథంగా కావాలంటే కొటేషన్ గుర్తులు పెట్టి పేరు చెప్పండి.

మావైపు తప్పు కూడా చెప్పాలి. లెవెలింగ్ స్టాఫ్ మోసుకుని గట్టు మీద ఎండలో కొలిచిన బ్యాచ్ రిపోర్టు పల్చగా ఉంటుంది. కొన్న రిపోర్టు దిట్టంగా ఉంటుంది. పరీక్షించేవాళ్లు పేజీలు తిప్పి లావు చూసి మార్కులేస్తే, కష్టపడ్డ పిల్లల చేత "అనవసరంగా వెళ్లాం" అనిపించిన వాళ్లమవుతాం. ఫీల్డ్ నోట్‌బుక్ చూపించమని అడగడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఫైనలియర్‌లో ప్రాజెక్టు ఫీజని డబ్బులడిగితే, ఇచ్చేముందు రెండే ప్రశ్నలు వేయండి. ఏం కొలిచావు? ఎక్కడ కొలిచావు? జవాబు తెలుగులో చెప్పినా చాలు. పని చేసిన పిల్లలు ఆపమన్నా ఆపరు.